పదమూడో సంచి

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

గంజాయా? మన చెల్లి ఉడతకి గంజాయి పెట్టమంటావా? నువ్వు పంపిన కాగితాలు అర్థంకాక కింది వాటా టీచరమ్మ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ మొదటి పేజీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఏమ్మా, మీ తమ్ముడు చేసేది ఉద్యోగమేనా?" అంది. నా తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎనిమిదేళ్ల నుంచి ఎలుకల బుర్రలు కోస్తున్నావంటే ఏదో పెద్ద పనే అనుకుని వీధంతా చెప్పుకున్నాను. తీరా చూస్తే ఇదా!

ఫోను చేసి కడిగేద్దామంటే మనింట్లో ఆ భాగ్యం లేదాయె. అది మోగితే చాలు, పిల్ల అదిరిపడుతుంది. అదిరిపడితే ఫిట్స్. గొంతు తగ్గించి బట్టల బీరువాలో దాచినా ఆ గుర్రు దాని చెవిన పడింది. చివరికి ఎవరికో ఇచ్చేసి పీడ వదిలించుకున్నాను. కాబట్టి తిట్లు కూడా తపాలాలోనే రావాలి, ఓపికగా చదువుకో.

లెక్క అడిగావు కదా. పోయిన నాలుగు వారాల్లో ముప్ఫై ఒకటి. ఎలా లెక్కపెట్టానంటావా? కుడుతూ కుడుతూ మధ్యలో పెన్ను ఎక్కడ వెతుక్కోను? మెషిన్ పక్కన ఓ గాజు సీసా పెట్టాను. అది గుడ్లు తేలేసి కాసేపు బొమ్మలా అయిపోతే ఒక తెల్ల గుండీ. కాళ్లూ చేతులూ కొట్టుకుని పడిపోతే ఒక నల్ల గుండీ. ఆదివారం నాడు సీసా బోర్లించి లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాను. మనిషికి మరపు ఉంటుంది గానీ గుండీకి ఉండదు.

దానికి ఈ నెలతో ఇరవై రెండు నిండాయి. ఏడో ఏట మొదలైన జబ్బు, బడి మానిపించింది, అమ్మానాన్నలు పోయేదాకా వాళ్లని నవ్వనివ్వలేదు. ఎన్ని మాత్రలు మార్చాం! నిన్న అద్దంలో చూసుకుంటూ, "అక్కా, నాకు జబ్బు లేకపోతే నేను ఎలా ఉండేదాన్ని?" అని అడిగింది. ఇంకా వాగుడుకాయలా ఉండేదానివి అన్నాను. అది నవ్వింది. నేను మెషిన్ వైపు తిరిగిపోయాను.

నువ్వు ఏదన్నా చెయ్యగలిగితే చెయ్యి. కాని గంజాయి మాత్రం వద్దు.

ఇట్లు,
కోపంగా ఉన్న మీ అక్క

*

జనవరి 20

అక్కా,

నీ తిట్లన్నీ క్షేమంగా చేరాయి. టీచరమ్మగారికి నా నమస్కారాలు చెప్పి, చేస్తున్నది ఉద్యోగమేనని కూడా చెప్పు.

గంజాయి కాదే తల్లీ. చెప్తాను, మెషిన్ ఆపి విను. బుర్రలో ఒక కణం మాట్లాడుతుంది, పక్కది వింటుంది. చెప్పే కణం అదేపనిగా అరుస్తుంటే వినే కణం ఊరుకోదు. తనే ఒక చిన్న పదార్థం తయారుచేసి వెనక్కి పంపుతుంది, చాల్లే, ఇంక తగ్గించు అని. ఆ మాట అందుకోవడానికి అరిచే కణం మీద ఉండేవే గ్రాహకాలు. గంజాయిలో మత్తు పదార్థం వాటికి అతుక్కుంటుందని ముందు తెలిసింది కాబట్టి వాటికి ఆ మొక్క పేరు పెట్టారు. అవి మాత్రం మన సొంతం, పుట్టుకతో వచ్చినవి. ఉడత బుర్రలో అరుపులు ఎక్కువ, చాల్లే అనే మాట తక్కువ. ఆ మాట తొందరగా కరిగిపోకుండా కాసేపు నిలబెట్టే మందు మా ల్యాబు పెద్దాయన తయారుచేశారు. మత్తు లేదు, అలవాటు పడటం లేదు. ఎలుకల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి. వాటి బుర్రలు కాగితం కన్నా పల్చగా కోసి గ్రాహకాలు లెక్కపెట్టింది నేనే.

నొప్పులకీ, కండరాలు బిగుసుకుపోయే జబ్బులకీ, ఆకలి చచ్చిపోయినవాళ్లకీ ఈ దారినే మందు దొరకచ్చని చాలాచోట్ల వెతుకుతున్నారు. దొరికింది తక్కువ, ఆశ ఎక్కువ. ఆ మాట కూడా చెప్పాలి కదా.

ఇరవై నలుగురి మీద పరీక్ష. పన్నెండుమందికి మందు చుక్కలు, పన్నెండుమందికి ఉత్త నూనె. రంగూ రుచీ ఒక్కటే. ఎవరికి ఏది పడిందో వాళ్లకీ తెలియదు, ఇచ్చే నర్సుకీ తెలియదు. చిట్టా పెద్దాయన బీరువాలో సీలు వేసి ఉంటుంది. ఉడత నా చెల్లెలని ఆయనకి ముందే చెప్పాను. ఆ పరీక్ష కాగితాలున్న గదిలోకి నన్ను రానివ్వరు, అంతే. పాత మాత్రలు ఒక్కటీ మానకూడదు. వచ్చిన ప్రతి ఫిట్స్ ఉన్నదున్నట్టు రాయాలి.

ఈ మాట మటుకు ఉడతకి చదివి వినిపించు. ఒసేయ్ ఉడతా, ఈ పరీక్షలో అంకెలు తగ్గకపోతే మా గది మూసేస్తారు. మందూ ఉండదు, మీ అన్నయ్యా ఉండడు, ఎలుకలతో పాటు నన్నూ బయటికి తోసేస్తారు. ఎనిమిదేళ్ల పని ఇప్పుడు నీ సీసాలో ఉంది. గుండీలు తగ్గాలి సుమా!

నీ తమ్ముడు

*

మార్చి 4

తమ్ముడూ,

చుక్కలు మొదలుపెట్టి నిన్నటికి నాలుగు వారాలు. నర్సమ్మ మంచి మనిషి. చుక్కలు నాలుక కింద ఎలా వెయ్యాలో మూడుసార్లు చూపించి, నా చేత మూడుసార్లు చేయించింది. పుస్తకం చేతికిచ్చి, "ఇదే మాకు కళ్లు" అంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నాలుగు వారాల్లో ఇరవై నాలుగు! ముప్ఫై ఒకటి ఎక్కడ, ఇరవై నాలుగు ఎక్కడ! నాకు మటుకు ఎక్కువే వచ్చినట్టు అనిపించింది. ఓ వారం అయితే వేళ్లు నొప్పెట్టేలా గుండీలు వేశాననే అనుకున్నాను, ఆదివారం బోర్లిస్తే ఆరే ఉన్నాయి. భయపడే మనిషికి ఒకటి రెండుగా కనిపిస్తుంది కాబోలు. సీసా పెట్టడం ఎంత మంచిదైంది చూడు, నా మాట మీద ఆధారపడితే నీ పెద్దాయన మందు నట్టేట్లో మునిగేది.

ఇంకో వింత. ఉడత సూది అడిగింది! పదిహేనేళ్లుగా సూదీ కత్తెరా దానికి అందకుండా దాచుకొస్తున్నాను. ఇప్పుడు కుట్టు నేర్చుకుంటుందట. వద్దంటే మూతి ముడుచుకుని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి నేను పక్కనుండగా మాత్రమే అన్న ఒప్పందం మీద ఓ పొట్టి సూది ఇచ్చాను. తన దిండు గలీబు తనే కుట్టుకుంది. ఆ కుట్లు చూడాలి, తాగినవాడి నడకలా ఉన్నాయి. విప్పి సరిగ్గా వేస్తానంటే దిండు కావలించుకుని కూర్చుంది, ముట్టుకోనివ్వదు. సరే, దాని దిండు దాని ఇష్టం.

నీ ఉత్తరం దాని తలగడ దగ్గరే ఉంటుంది. కూడబలుక్కుని మళ్లీ మళ్లీ చదువుకుంటుంది. కింద తనూ రాస్తుందట, చూసుకో.

ఇట్లు,
నీ అక్క

అన్నయ్యా గుండీలు తగ్గుతున్నాయి. నీ ఎలుకల్ని అడిగానని చెప్పు. మందు నెగ్గాక నీకు ఒక మాట చెప్తాను. ఇప్పుడు చెప్పను.
ఉడత

*

మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. నేను పని చేసేది నేల కింది గదిలో, కిటికీ ఉండదు, ఫ్రిజ్‌ల రొద తప్ప మాట వినిపించదు. ఆ రొదలో ఎనిమిదేళ్లు ఎందుకు కూర్చున్నానో ఇవాళ నాకు తెలిసింది.

ఇలాంటివి రాయకూడదు నిజానికి. ఇంటికి ఆశ పెట్టే మాటలు రాయొద్దని పెద్దాయన నాకు గట్టిగా చెప్పారు. ఆయన మొహానికి సరేనని, ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. అక్కా, ఉడతకి పడింది అసలు మందే. ఉత్త నూనెకి ఇంత తగ్గదు. ఎవరితోనూ అనకు.

ఇంక నీ సంగతి. యూనిఫాంల షాపులో ఉదయం పూట కటింగ్‌కి రమ్మంటున్నారని పోయినేడు రాశావు, ఉడతని వదిలి వెళ్లలేనని మానేశావు. ఇప్పుడు వెళ్లకూడదూ? మూడు గంటలే కదా. పదిహేనేళ్లుగా ఆ గది దాటి నలుగురి మధ్య కూర్చున్నావా నువ్వు? దానికీ కాస్త ఊపిరాడుతుంది. నువ్వు దాని వైపు చూసే చూపుకే సగం ఫిట్స్ వస్తాయని నా అనుమానం. కోప్పడకు.

ఉడతా, ఆ మాటేమిటో ఇప్పుడే చెప్పవే!

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 3

తమ్ముడూ,

రెండో నాలుగు వారాల లెక్క, పద్దెనిమిది. నమ్మలేక సీసా రెండోసారి బోర్లించి లెక్కపెట్టాను.

నీ మాట విని షాపుకి వెళ్తున్నాను. పెద్ద బల్ల మీద గుడ్డ పదహారు మడతలు పరిచి ఒకేసారి కోస్తాం. చుట్టూ ఆడవాళ్ల కబుర్లు, నవ్వులు. మొదటి రోజు నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. నాలుగో రోజుకి నేనే అందరినీ నవ్వించాను. ఇంటికొచ్చేటప్పుడు దారిలో ఓ చోట ఆగి, ఏ కారణం లేకుండా, అలా నిలబడ్డాను. ఎంత బాగుందో నీకు చెప్పలేను.

నేను లేనప్పుడు వస్తే గుండీ తనే వేస్తానంది ఉడత. వేస్తోంది కూడా, వారానికి ఒకటో రెండో.

అయితే ఒక్కటి మనసులో గుచ్చుకుంటోంది. మొన్న దాని మోచెయ్యి కమిలిపోయి ఉంది. నాలుక కొరుక్కుంది. ఏమే, నల్లది వచ్చిందా అంటే, "లేదక్కా, బకెట్ తట్టుకుని పడ్డాను" అంది. పడితే నాలుక ఎందుకు తెగుతుంది? టీచరమ్మ మెట్ల దగ్గర ఆపి, "మీ ఇంట్లో పొద్దున్న ధబ్బుమని చప్పుళ్లు వస్తున్నాయమ్మా" అంది. ఆవిడకి చీమ నడిచినా వినిపిస్తుందిలే అని కొట్టిపారేశాను గాని ఇంటికొచ్చాక మెషిన్ మీద చెయ్యి ఆడలేదు.

నర్సమ్మకి చెప్పమంటావా? పుస్తకంలో రాయమంటావా? నువ్వు ఏం చెప్తే అది.

ఇట్లు,
నీ అక్క

*

ఏప్రిల్ 12

అక్కా,

తొందరలో రాస్తున్నాను. పై నెల మొదట్లో పరీక్ష ముగుస్తుంది, ఇక్కడ అందరికీ ఊపిరాడటం లేదు.

ఒక్క దెబ్బకి కంగారుపడకు. ఈ పుస్తకం కళ్లారా చూసినవాటికి, సీసాలో పడినవాటికి మాత్రమే. అనుమానాలన్నీ ఫిట్స్ అని రాస్తే లెక్క చెడిపోతుంది. నర్సుకి ఊరికే చెప్పి ఆవిడని బెదరగొట్టకు. ఇంకో మూడు వారాలు ఓపిక పట్టు, తర్వాత నేనే వస్తాను, నాలుగు రోజులు ఉంటాను.

నీ తమ్ముడు

*

మే 16

తమ్ముడూ,

నువ్వు బస్సెక్కి పన్నెండు రోజులైంది. ఉన్న మూడు రోజుల్లో నాతో నువ్వు అన్నది ఒక్క మాటే. టీచరమ్మ ముందు, గుమ్మంలో నిలబడి, "ఎందుకు వదిలి వెళ్లావక్కా?" అన్నావు. దానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను.

ఆ రోజు ఒకటో తారీఖు. పొద్దున్న చుక్కలు వేశాను, మాత్రలు వేశాను, జడ వేశాను. జడ బిగుతుగా ఉందని పేచీ పెట్టింది. తిరిగొచ్చాక వదులు చేస్తానన్నాను. షాపులో కాలర్లు కోస్తున్నాం. రెండు గంటలు కూడా కాలేదు, కొయ్యాల్సిన గుడ్డ అయిపోతే తొందరగా వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం మీద బోర్లా పడుకుని ఉంది, మొహం దిండులో. నిద్రపోతోందనుకుని చెప్పులు చప్పుడు కాకుండా విడిచాను. నీళ్లు కూడా తాగాను. విన్నావా? గ్లాసుడు నీళ్లు నిదానంగా తాగి, ఆ తర్వాత దాన్ని లేపడానికి వెళ్లాను.

వదిలి ఎందుకు వెళ్లానంటే, నువ్వు వెళ్లమన్నావు. సీసా వెళ్లమంది. మూడో నాలుగు వారాల్లో పద్నాలుగే అంది. పుస్తకం నర్సమ్మకి ఇచ్చేశాను, అందులో చూసుకో.

దాని జడ నేను వదులు చెయ్యలేదు.

అక్క

*

జూన్ 7

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

మనిషి పోతే ఆ మనిషి చిట్టా తెరవాలి, అది నియమం. మిగతావాళ్ల పరీక్ష కూడా ముగిసి అందరివీ తెరిచారు. పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, చెప్పారు. ఉడతకి ఇచ్చింది ఉత్త నూనె.

ఇంకోటి కూడా చెప్పారు. మందు పడినవాళ్లకి కొంత తగ్గింది. కానీ నూనె పడినవాళ్లకీ దాదాపు అంతే తగ్గినట్టు తేలింది. తేడా లేదు కాబట్టి మందు పనిచెయ్యదనే రాయాలి. నూనె పన్నెండుమందిలో పదకొండుమందికి ఏమీ తగ్గలేదు అక్కా. ఒక్క పుస్తకంలో మాత్రం ముప్ఫై ఒకటి పద్నాలుగుకి దిగింది. మిగతావాళ్లకి నెలకి అయిదారే వచ్చేవి కాబట్టి ఆ ఒక్క పుస్తకం మొత్తం తక్కెడని వంచేసింది. అది మన పుస్తకం.

ఉత్త నూనెకి సగానికి పైగా తగ్గడం నేను ఎక్కడా చూడలేదు. అందులోనూ తగ్గుతున్నదని రాసిన నెలలోనే మనిషి పోయింది. నువ్వు నా మంచి కోరి, మందు నెగ్గాలని, అంకెలు కాస్త తగ్గించి రాశావా? రాస్తే రాశానని చెప్పు. నేను ఏమీ అనను. నాకు తెలియాలి, అంతే.

నీ తమ్ముడు

*

జూన్ 14

నీ ఉత్తరం అందింది.

దొంగ లెక్క రాశానా నేను? పదిహేనేళ్లు దాని నోటి నురగ తుడిచిన చేత్తో, నీ ఎలుకల కోసం, నీ ఉద్యోగం కోసం, దాని ఫిట్స్ దాచిపెట్టానా? ఏమీ అనవా? ఎంత దయ బాబూ నీకు!

సీసాలో ఎన్ని ఉంటే అన్నే రాశాను. నాకు ఎక్కువ అనిపించిందని మార్చిలోనే నీకు రాశాను. దెబ్బ తగిలిందని ఏప్రిల్లో రాశాను. నర్సమ్మకి చెప్పొద్దన్నది ఎవరు? నువ్వు చదివింది నీకు కావలసిన వాక్యాలే.

ఇంక నాకు రాయకు.

*

ఆగస్టు 2

తమ్ముడూ,

రాయకన్నది నేనే, రాస్తున్నదీ నేనే. సిగ్గులేకుండా రాస్తున్నాను. కూర్చుని చదువు.

దాని దిండు మూడు నెలలుగా మంచం మీద అలాగే ఉంది. ఉతకడానికి మనసొప్పలేదు, కింద పెట్టడానికీ ఒప్పలేదు. నిన్న వానకి పైకప్పు కారి నీళ్లు దాని మీద పడ్డాయి. ఎండబెడదామని ఎత్తితే బరువుగా ఉంది. తడిసింది కదా అనుకున్నాను. ఓ పక్కన ఆ వంకర కుట్లే. ముట్టుకోనివ్వకుండా కావలించుకుని కూర్చునేది చూడు, ఆ కుట్లు. మూడు అంగుళాల మేర కుట్టు లేకుండా నోరు తెరుచుకుని ఉంది. చెయ్యి పెట్టాను.

దూదిలో సంచులు. నా కటింగ్ ముక్కలతో కుట్టిన చిన్న చిన్న సంచులు, అగ్గిపెట్టంత ఒక్కొక్కటి. మొత్తం పదమూడు. ఒక్కోదాని మూతికి దారం, దారానికి ముడులు. ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు, అలా పన్నెండు దాకా. వారాలు. లోపల గుండీలు.

నేలంతా పరుచుకుని లెక్కపెట్టాను. మొదటి నాలుగు వారాల సంచుల్లో తొమ్మిది. తర్వాతి నాలుగింట్లో పదిహేడు. ఆ తర్వాతి నాలుగింట్లో ఇరవై ఆరు. వాటిలో చాలావరకు నల్లవే. నేను సీసాలో వేస్తే అది తీసి దాచినవీ, నేను షాపులో నవ్వుకుంటున్నప్పుడు వచ్చినవాటికి తనే వేసినవీ, అన్నీ అక్కడే ఉన్నాయి. పుస్తకంలో అంకెకి ఇవి కలుపు. ముప్ఫై మూడు, ముప్ఫై అయిదు, నలభై. తగ్గలేదురా. పెరిగింది. నెలనెలకీ పెరిగింది, అది నోరెత్తలేదు.

ఎవరి కోసమో నీకు చెప్పాలా? నీ జనవరి ఉత్తరం కూడా దిండులోనే ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది. గుండీలు తగ్గాలి సుమా అన్నచోట వేలితో రుద్ది రుద్ది సిరా అలికిపోయింది.

ముందు నిన్ను తిట్టాను. నోటికొచ్చినట్టు, గోడలతో, గట్టిగా. టీచరమ్మ పైకి పరిగెత్తుకొచ్చింది. తర్వాత నన్ను తిట్టుకున్నాను. నాకు ఎక్కువ అనిపించినప్పుడు నా కళ్లని కాదని సీసాని నమ్మినదాన్ని నేనే కదా. సూది చేతికిచ్చినదాన్నీ నేనే.

కానీ ఒక్క సంగతి చూడు. దాచింది గాని పారెయ్యలేదు. కిటికీలోంచి విసిరేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక్కటి కూడా పోనివ్వకుండా, ఏ వారానివి ఆ వారం, ముడులు వేసి మరీ దాచింది. మందు నెగ్గాక చెప్తానన్న మాట ఇదేనేమో. నీ పెద్దాయన పుస్తకం కన్నా దాని దిండే సరిగ్గా రాసింది.

పదమూడో సంచి దిండు నోటి దగ్గరే ఇరుక్కుని ఉంది, దానికి కుట్టు పూర్తికాలేదు. మూతి దగ్గర సూది అలాగే గుచ్చి ఉంది, దారంతో సహా. నేను పక్కనుండగా మాత్రమే అన్న ఒప్పందం చూశావా! లోపల నాలుగు గుండీలున్నాయి.

అన్నీ పార్శిల్ చేస్తున్నాను. మీవాళ్లకి ఇవ్వు. లెక్క సరిచెయ్యమను.

అక్క

*

ఆగస్టు 20

అక్కా,

పార్శిల్ అందింది. విప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పెద్దాయన బల్ల మీద సంచులు వరసగా పెట్టాను. వాటి పక్కన జనవరి నుంచి నేను నీకు రాసిన ఉత్తరాల్లో ఏముందో నా నోటితోనే చెప్పాను. గుండీలు తగ్గాలన్నదీ, అసలు మందే పడిందన్నదీ, షాపుకి వెళ్లమన్నదీ, నర్సుకి చెప్పొద్దన్నదీ. ఆయన అంతా విన్నారు. అయ్యాక ముడులు తనే లెక్కపెట్టుకున్నారు, పన్నెండూ. "ఇంత శుభ్రమైన లెక్క నా దగ్గర ఇరవై నలుగురిలో ఎవరూ రాయలేదు" అన్నారు. ఆ తర్వాత లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

చిట్టా తెరిచాక వచ్చిన లెక్కని కలపకూడదు, అది నియమం. ఆయన రెండూ రాస్తానన్నారు. పుస్తకం ప్రకారం మందు ఓడింది. సంచుల ప్రకారం కొంత నెగ్గింది, అంటే మళ్లీ ఇంకా ఎక్కువమంది మీద పరీక్షించి చూడాల్సినంత. ఎవరు నమ్ముతారో, మళ్లీ పరీక్ష జరుగుతుందో లేదో ఆయనకే తెలియదు. జరిగినా ఆ గదిలో నేను ఉండను. నేను రాసిన ఉత్తరాల వల్ల చెడిన పరీక్ష ఇది, పొమ్మన్నారు. న్యాయమే. ఈ నెలాఖరుతో ఆఖరు.

అక్కా, నిన్ను అడిగిన మాట, గుమ్మంలో అడిగినది, తర్వాత ఉత్తరంలో అడిగినది, రెండూ నన్ను నేను అడుక్కోవాల్సినవి. అరిచేవాడికి చాల్లే అని చెప్పేది ఒకటి ఒంట్లో ఉండాలని నీకు అంత చక్కగా రాశాను. మార్చిలో నువ్వు చెప్పావు. ఏప్రిల్లో చెప్పావు. నేను వినలేదు. క్షమించమని అడిగే మొహం లేదు నాకు.

ఒక చిన్న సంగతి. పెద్దాయన సంచులన్నీ రాసుకుంటూ పదమూడోదాని దగ్గర ఆగారు. ఇందులో నాలుగున్నాయి, ఆఖరిది ఇందులో ఉందా అని అడిగారు. నాకు తెలియదన్నాను. నీకు తెలుస్తుందేమోనని అడుగుతున్నాను. ఆయన సంచి తిరిగి ఇచ్చారు, నా దగ్గరే ఉంది.

తమ్ముడు

*

ఆగస్టు 29

తమ్ముడూ,

క్షమించడాలూ అవీ తర్వాత చూద్దాం. గది ఖాళీ చేసి ఇంటికి రా. తిండి మానేసి ఉంటావు, నాకు తెలుసు. నీ పుస్తకాలకి దాని మంచం పక్కన చోటు చేశాను. తిట్టడానికైనా ఒక మనిషి ఉండాలి నాకు.

అడిగినదానికి జవాబు. ఆఖరిది అందులో లేదు. ఆ నాలుగూ అంతకుముందు వచ్చినవి. వాటిని వేసి, సంచి మూతి కుడుతూ ఉండగా అది వచ్చి ఉంటుంది, సూది అలాగే ఉండిపోయింది. ఆ ఒక్కదానికి గుండీ ఎవరూ వెయ్యలేదు. అది వెయ్యలేదు. వెయ్యాల్సిన నేను షాపులో కాలర్లు కోస్తున్నాను.

ఈ కవరులో నల్లది ఒకటి పెట్టాను. నా సీసాలోదే. అందులో వేసి, సంచి మూతి నువ్వు కుట్టు. పదమూడు ముడులు వెయ్యి. కుట్లు వంకరగా వచ్చినా ఫరవాలేదు. సూది దానికే గుచ్చి ఉంది.

అక్క